మోటారు సైకిలు చట్రం వంగితే

ప్రమాదానికి గురైన మోటారు సైకిలును లేపి నిలబెట్టగానే కంటికి కనిపించేవి పగిలిన హెడ్‌లైటు, సొట్టపడిన పెట్రోలు ట్యాంకు, వంకరపోయిన హ్యాండిలు. వీటిని మార్చటం తేలిక. ఖర్చు కూడా ఇంతని తెలుస్తుంది. వీటన్నింటినీ మోసే చట్రం సంగతి వేరు. ట్యాంకు కింద, ఇంజను చుట్టూ దాగి ఉండే ఈ ఉక్కు గొట్టాల కట్టడం ఒకటి రెండు డిగ్రీలు వంగినా చూసేవారికి తెలియదు. బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. మెకానిక్కులు చాసిస్ అని పిలిచేది ఈ చట్రాన్నే. చట్టం దృష్టిలో ఈ బండి ఫలానా బండి అని గుర్తించటానికి ఆధారమైన నంబరు కూడా దీనిమీదనే చెక్కి ఉంటుంది. అందువల్ల చట్రం వంగటమనేది ఒక పక్క లోహాల గుణాలకూ, మరొక పక్క బీమా లెక్కలకూ సంబంధించిన విషయం.

దెబ్బ చట్రానికి ఎలా చేరుతుందో మొదట చూద్దాం. 140 కి.గ్రా. ద్రవ్యరాశి గల బండి గంటకు 40 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దాని గతిజ శక్తి దాదాపు 8,600 జౌళ్లు. అంటే అదే బండి సుమారు ఆరు మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడమీది నుండి, కింద పడితే ఎంత శక్తితో నేలను తాకుతుందో అంత. వేగం 60 కి.మీ. అయితే ఈ శక్తి 19,400 జౌళ్లు దాటుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లవుతుంది. బండి ఎదురుగా గోడనో లారీనో ఢీకొన్నప్పుడు ఈ శక్తిలో అధిక భాగం లోహాన్ని వంచటానికే ఖర్చవుతుంది. మొదట వంగేది ముందు చక్రపు రిమ్ము, తరవాత ఫోర్కు గొట్టాలు, ఆ తరవాత చట్రం.

ఫోర్కు పైభాగం చట్రం ముందు కొసన ఉన్న ఒక పొట్టి గొట్టంలో, రెండు బేరింగుల మధ్య తిరుగుతుంది. ఈ గొట్టాన్ని స్టీరింగు తల అందాం. మెకానిక్కులు అందులోని బేరింగులను కోన్‌సెట్టు అంటారు. రెండు బేరింగుల మధ్య దూరం 20 సెం.మీ., కింది బేరింగునుండి చక్రపు ఇరుసుకు 60 సెం.మీ. అనుకుందాం. ఫోర్కు ఏటవాలును ప్రస్తుతానికి లెక్కలోకి తీసుకోవద్దు. ఇరుసుమీద ఒక వంతు బలం పడితే, తులాదండ సూత్రాన్ని బట్టి పై బేరింగువద్ద మూడు వంతులు, కింది బేరింగువద్ద నాలుగు వంతులు బలం పడుతుంది. గడ్డపారతో రాయిని పెకలించటంలో ఉన్న కిటుకే ఇక్కడ మనకు వ్యతిరేకంగా పనిచేస్తున్నది. చట్రంలో ఎక్కువగా దెబ్బతినే చోటు స్టీరింగు తల కావటానికి కారణం ఇదే.

వంగిన దానిని తిరిగి లాగి సరిచేస్తే ఏమవుతుంది? పాఠశాలలో హుక్ సూత్రం చదివిన విద్యార్థికి స్థితిస్థాపక అవధి అనే మాట తెలుసు. ఆ అవధి దాటనంతవరకు ఉక్కు బలం తొలగగానే పూర్వస్థితికి వస్తుంది. ఐతే ఈ అవధి ఎంత చిన్నదో చాలామంది గమనించరు. మామూలు మైల్డ్ స్టీలు తీగ ఒక మీటరు పొడవున్నది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగేవరకే ఈ గుణాన్ని చూపుతుంది. అంతకు మించి సాగితే లోహంలోని స్ఫటికాల పొరలు ఒకదానిమీద ఒకటి జారి, ఆ మార్పు శాశ్వతంగా నిలిచిపోతుంది. జారినచోట లోహం గట్టిపడుతుంది, కాని ఇంకా సాగే గుణాన్ని కొంత కోల్పోతుంది.

తరగతి గదిలోనే దీన్ని చూపవచ్చు. ఇళ్లు కట్టేచోట కమ్ములను కట్టటానికి వాడే బైండింగు తీగ ముక్కను మధ్యలో వంచి, తిరిగి చేతులతో తిన్నగా చేయటానికి ప్రయత్నించాలి. ఎంత శ్రద్ధగా చేసినా ఒక చిన్న వంపు మిగులుతుంది. మొదట వంగినచోట తీగ గట్టిపడింది కనుక, మనం తిన్నగా చేయబోయినప్పుడు అది లొంగక, దాని పక్కన మెత్తగా ఉన్న భాగం వంగుతుంది. ఇలా ఆరేడుసార్లు ముందుకూ వెనక్కూ వంచితే తీగ అక్కడ వేడెక్కి, చివరకు తెగుతుంది. చట్రం గొట్టం తీగవలె సన్నని కడ్డీ కాదు, లోపల బోలు. అది వంగినప్పుడు లోపలి వంపువైపు గోడ ముడతపడుతుంది. బయటినుండి లాగినంత మాత్రాన ఆ ముడత పూర్తిగా పోదు.

దీనికి తోడు మరొక చిక్కున్నది. 19వ శతాబ్దం చివరిభాగంలో మ్యూనిక్ నగరంలో లోహాలను పరీక్షించిన యోహాన్ బౌషింగర్ ఒక విశేషాన్ని గమనించాడు. ఒక దిశలో అవధి దాటి సాగదీసిన లోహం, తిరిగి వ్యతిరేక దిశలో నొక్కినప్పుడు మునుపటికన్న తక్కువ బలానికే లొంగుతుంది. అంటే లాగి సరిచేసిన స్టీరింగు తల చూపుకు పాతదే కాని, బలానికి తట్టుకోవటంలో పాతది కాదు. అంతకు ముందే, ఆ శతాబ్దం మధ్యకాలంలో, రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశోధించిన ఔగుస్ట్ వోలర్, చిన్న బలమైనా లక్షల పర్యాయాలు పడితే లోహం అలసి పగులుతుందని నిరూపించాడు. గుంతల రోడ్డుమీద మోటారు సైకిలు చట్రానికి ఇటువంటి చిన్న దెబ్బలు రోజూ వేలకొద్దీ తగులుతుంటాయి. ముడతలు, వెల్డింగు అంచులు ఈ పగుళ్లకు పుట్టినిళ్లు. సరిచేయటానికి గ్యాసు మంటతో ఎర్రగా కాల్చటం మరీ ప్రమాదకరం; అల్యూమినియం మిశ్రమంతో చేసిన చట్రమైతే ఆ వేడికి, తయారీలో ఇచ్చిన గట్టిదనం చాలామేరకు పోతుంది.

బలం సంగతి అలా ఉంచి, ఆకారం మారితేనే బండి నడక మారుతుంది. స్టీరింగు తల మధ్యగా పోయే రేఖను భూమిదాకా పొడిగిస్తే, అది చక్రం నేలను తాకేచోటుకు కొంచెం ముందుగా నేలను చేరుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ట్రెయిలు అంటారు. ఆసుపత్రిలో మందుల ట్రాలీని తోసినప్పుడు దాని చిన్న చక్రాలు వాటంతటవే తిరిగి వెనుకబడి రావటం చూస్తుంటాం. మోటారు సైకిలు ముందు చక్రం తనంతట తాను తిన్నగా ఉండటానికి ప్రయత్నించటంలోనూ ఈ సూత్రానికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. చక్రపు వ్యాసార్ధం 300 మి.మీ., ఫోర్కు ఆ రేఖకు ముందుకు జరిగి ఉన్న దూరం 45 మి.మీ., స్టీరింగు తల నిలువు రేఖతో చేసే కోణం 26 డిగ్రీలు అనుకుంటే, ట్రెయిలు దాదాపు 96 మి.మీ. వస్తుంది. ఎదురు దెబ్బకు తల రెండు డిగ్రీలు వెనక్కు నెట్టబడి కోణం 24 అయితే, ట్రెయిలు 84కు తగ్గుతుంది. త్రికోణమితి తెలిసిన విద్యార్థి ఈ లెక్కను స్వయంగా సరిచూసుకోవచ్చు. కంటికి ఆనని రెండు డిగ్రీలకు ఎనిమిదో వంతు స్థిరత్వపు దూరం పోయింది. బండి ఊళ్లో మామూలుగానే నడిచి, జాతీయ రహదారిమీద వేగం పుంజుకోగానే హ్యాండిలు వణకటం మొదలుపెట్టవచ్చు.

వంపును కనిపెట్టటానికి పెద్ద కార్ఖానాలలో లేజరు కొలబద్దలున్నాయి. అవి లేనిచోట ఒక దారం చాలు. ముందు చక్రాన్ని తిన్నగా పెట్టి, వెనుక టైరు రెండు పక్కల తాకేటట్లు దారం లాగి ముందుదాకా పట్టుకుంటే, ముందు టైరుకు రెండు వైపులా సమానమైన సందు ఉండాలి. లేకపోతే రెండు చక్రాలు ఒకే తలంలో లేవన్నమాట. (వెనుక ఇరుసు ఒక పక్కకు బిగిసినా ఇటువంటి తేడాయే వస్తుంది కనుక ముందు దాన్ని సరిచూడాలి.) రెండు ఇరుసుల మధ్య దూరాన్ని కుడి ఎడమల వేరువేరుగా కొలిచి, కంపెనీ ఇచ్చిన కొలతతో పోల్చాలి. దూరం తగ్గినంత మాత్రాన చట్రం వంగిందని చెప్పటానికి వీల్లేదు. తరచు ఫోర్కు మాత్రమే వంగుతుంది. ఫోర్కు గొట్టాన్ని విప్పి చదునైన గాజు పలకమీద దొర్లిస్తే అది ఎగిరెగిరి పడటాన్నిబట్టి వంపు తెలిసిపోతుంది. స్టీరింగు తల చుట్టూ రంగు వెంట్రుకవాసి గీతలుగా చిట్లిందేమో కూడా చూడాలి. రంగు పెళుసైనది, ఉక్కువలె సాగలేదు. కాబట్టి ఉక్కు సాగినచోట రంగు ముందుగా చిట్లి సాక్ష్యం చెబుతుంది. పగులు ఉన్నదన్న అనుమానం వస్తే అక్కడ కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాలి. కేశనాళికా చర్యవల్ల పగులులో దాగిన నూనె పైకి వచ్చి సుద్దమీద తడిగీత గీస్తుంది. దారపు పరీక్షను పాఠశాలలో ఏ పాత సైకిలుమీదనైనా చేయించవచ్చు.

ఇక బీమా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి అయినది ఎదుటివారికి కలిగే నష్టానికి చేసే బీమా మాత్రమే. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనానికి దీన్ని ఐదేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. సొంత బండి నష్టానికి బీమా ఐచ్ఛికం. 2019 సెప్టెంబరు నుండి దాన్ని విడిగా కూడా కొనవచ్చు. మొదటి ఏడాది గడిచాక ఈ రెండోదాన్ని వదిలివేసినవారికి, ఐదేళ్ల కాగితం చేతిలో ఉన్నప్పటికీ, సొంత చట్రానికి పైసా రాదు. తప్పు ఎదుటి వాహనానిదైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా ఆ వాహనపు బీమా కంపెనీనుండి కోరవలసిందే.

సొంత నష్టపు బీమా ఉన్నవారికి ముఖ్యమైన అంకె బీమా ప్రకటిత విలువ, వాడుకలో ఐ.డి.వి. అంటారు. బండి ప్రస్తుత ధర లక్ష రూపాయలు, వయస్సు మూడున్నర ఏళ్లు అనుకుంటే, 40 శాతం తరుగు పోను విలువ 60,000 రూపాయలు. మరమ్మతు ఖర్చు ఈ విలువలో 75 శాతాన్ని, ఇక్కడ 45,000ను, మించితే బండిని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఫోర్కు, చక్రం, ట్యాంకు, కూలి కలిపి 27,000 అనుకుందాం. చట్రాన్ని లాగి సరిచేయటానికి 6,000 వేస్తే మొత్తం 33,000; బండి మరమ్మతుకు పోతుంది. కొత్త చట్రానికి 20,000 వేస్తే 47,000. తరుగు లెక్కలను పక్కనబెట్టి స్థూలంగా చూస్తే, బండి పూర్తి నష్టం కిందికి వస్తుంది. యజమానికి ఐ.డి.వి. మొత్తం, పాలసీలోని చిన్న మినహాయింపు పోను, రావలసి ఉంటుంది. ఆ రెండు డిగ్రీలను కొలిచారా లేదా అన్నదానిమీద ఇంత తేడా ఆధారపడి ఉన్నది.

కాబట్టి కొలత మరమ్మతుకు ముందే జరగాలి. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూసేవరకు బండిని విప్పకుండా ఉంచి, నలువైపులా ఫోటోలు తీయాలి. సర్వేయరు మొదట చూసేది పైకి కనిపించే నష్టాన్నే. ట్యాంకు, కవర్లు విప్పాక చట్రపు వంపు బయటపడితే, పని ఆపి, అదనపు అంచనా రాయించి, మళ్లీ చూడమని కోరాలి. దారపు కొలతలనైనా సరే తేదీతో కాగితంమీద రాసి మెకానిక్కు సంతకంతో జతపరిస్తే మంచిది. మరమ్మతయితే మామూలు పాలసీలో లోహభాగాలమీద వయస్సునుబట్టి తరుగు కోస్తారు. మూడు నాలుగేళ్ల బండికి అది 25 శాతం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు ఏ వయస్సులోనైనా సగం. తరుగు లేని అదనపు రక్షణ కొన్నవారికి ఈ కోత ఉండదు.

కంపెనీ నిర్ణయం అన్యాయమని తోస్తే ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

కొత్త చట్రం వేయించినవారికి మరొక పని మిగులుతుంది. పాత చట్రంమీది పదిహేడు అక్షరాంకెల నంబరు రిజిస్ట్రేషను పత్రంలో ఉన్నది. కొత్త చట్రంతో దానికి పొంతన కుదరదు. రవాణా కార్యాలయంలో తెలిపి పత్రాన్ని సరిచేయించనిదే ఆ బండిని అమ్మటం కష్టం, మళ్లీ ప్రమాదం జరిగితే బీమా కోరటమూ కష్టమే. పూర్తి నష్టంగా తేలి, బండి ఇక నడపటానికి పనికిరాదని తెలిస్తే, చట్టంలోని 55వ సెక్షను ప్రకారం యజమాని పద్నాలుగు రోజులలోగా, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషను పత్రాన్ని జతచేసి రవాణా అధికారికి తెలియజేయాలి. అలా తెలియజేయకుండా తుక్కుకు అమ్మిన బండి, లాగి సరిచేసిన అదే చట్రంతో, అదే నంబరుతో, ఇంకెవరి చేతిలోనో తిరిగి రోడ్డెక్కే అవకాశం ఉన్నది.