పీహెచ్‌సీకి రేటింగ్ ఇచ్చిన ఊళ్లు

ఫుడ్ ఆర్డర్ పావుగంట లేటైతే చాలు, ఒక్క స్టార్ కొట్టేస్తాం. క్యాబ్‌లో ఏసీ వేయకపోతే వెంటనే కంప్లెయింట్ పెడతాం. మరి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు లేవంటే? ‘గవర్నమెంట్ ఆస్పత్రి అంతేలే’ అనుకుని మెడికల్ షాపుకి వెళ్లిపోతాం.

మా నానమ్మ చేసిందీ అదే. రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ ‘స్టాక్ రాలేదు’ అన్నారట. ఇక మళ్లీ వెళ్లలేదు. బయట కొనుక్కుని, డబ్బులు కలిసొస్తాయని రోజు విడిచి రోజు వేసుకుంటోంది. బీపీ మాత్రలు అలా వేసుకోకూడదని తనకీ తెలుసు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ‘అడగొచ్చు కదా నానమ్మా’ అన్నాను. ‘ఎవర్ని అడగాలిరా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

వెతికితే మహారాష్ట్రలో దొరికింది.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైంది. ఆస్పత్రులు ఎలా పనిచేస్తున్నాయో జనమే చూసి చెప్పాలన్నది అందులో ఒక ముఖ్యమైన ఆలోచన. 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. మహారాష్ట్ర మాత్రం అయిదు జిల్లాలతో మొదలుపెట్టి, ప్రయోగం ముగిశాక కూడా కొనసాగించింది.

పద్ధతి సింపుల్. కమిటీ సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఊళ్లో కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. నర్సమ్మ ఊరికి వస్తోందా? మందులు ఇక్కడే ఇస్తున్నారా, బయట కొనమంటున్నారా? ఎవరైనా డబ్బులు అడిగారా? జవాబుల్ని బట్టి ఒక్కో సేవకి ఒక్కో రంగు. బాగుంటే ఆకుపచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. చదువు రానివాళ్లకీ ఆ రిపోర్ట్ కార్డు అర్థమవుతుంది.

ఆ తర్వాత ‘జన్ సున్‌వాయీ’. అంటే బహిరంగ విచారణ. అధికారులు ఎదురుగా కూర్చుంటే జనం మైకు పట్టుకుని తమకి జరిగింది చెబుతారు. అక్కడ తేలనివి పై స్థాయి కమిటీలకి వెళ్తాయి. మందులు లేకపోవడం అక్కడి ఫార్మసిస్ట్ తప్పే కానక్కర్లేదు. పైనుంచి సరఫరా రాకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? అందుకే సమస్య ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ముఖ్యం.

మన ఊళ్లోనూ ఉంది

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ అని ఒకటుంది. మార్గదర్శకాల ప్రకారం పంచాయతీకి ఎన్నికైన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. ఆశా కార్యకర్త సభ్య కార్యదర్శి. కనీసం 15 మంది సభ్యులు, వాళ్లలో సగం మంది మహిళలు ఉండాలి. నెలకోసారి మీటింగ్ పెట్టాలి. ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవడానికి ఏటా రూ.10 వేల వరకు నిధి కూడా ఉంటుంది.

మా ఊరి ఆశా అక్కకి ఫోన్ చేశాను. ‘కమిటీ ఉంది తమ్ముడూ. రిజిస్టర్‌లో సంతకాలు అవుతాయి గానీ, మనుషులు కూర్చోరు’ అంది. తప్పు తనది కాదు. ఎవరూ రానప్పుడు తనొక్కతే ఏం చేస్తుంది?

తర్వాతి నెల నానమ్మ ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లింది. అందరిదీ ఒకటే మాట, మాత్రలు లేవని. అది రిజిస్టర్‌లోకి ఎక్కింది. మెడికల్ ఆఫీసర్‌కి ఉత్తరం వెళ్లింది. కొన్ని వారాలకి బీపీ మాత్రలు వచ్చాయి. షుగర్ మాత్రలకి మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉందట.

మీరు సిటీలో ఉన్నా పర్లేదు. ఊళ్లో ఆశా అక్కకి ఒక్క ఫోన్ కొట్టండి. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, మళ్లీ ఎప్పుడు కూర్చుంటుంది అని అడగండి. ఆ తేదీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. నానమ్మ అయితే ఈసారి షుగర్ మాత్రల సంగతి అడుగుతానంది.