నల్లమందు: ఒట్టు చాలునా?

నల్లమందునకు మన పూర్వులు పెట్టిన పేరులోనే మందు గలదు. పచ్చి గసగసాల కాయకు గాటుపెట్టగా ఊరు పాలు గట్టిపడి నల్లనగును. అది నొప్పిని మాపును, విరేచనములను కట్టును, నిద్ర పట్టించును. గోదావరి మన్యమున జ్వరభయముచే దానిని సేవించువారు ఒకప్పుడు పెక్కురుండిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో జర్మనీ దేశీయుడగు సెర్ట్యూర్నరు దానినుండి మార్ఫిన్‌ను వేఱుపఱచెను. 1898లో ఆ దేశపు బేయరు కంపెనీయే హెరాయిన్‌ను దగ్గుమందుగా విక్రయింపసాగెను. నేడు నొప్పిబిళ్ళగా దొరకు ట్రమడాల్ కూడ ఆ కోవలోనిదే.

2019లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు కేంద్రప్రభుత్వము కొఱకు చేసిన లెక్కను ప్రకటించిరి. ఈ జాతి పదార్థములను వాడువారు దేశమున సుమారు 2 కోట్ల 26 లక్షలమంది. వారిలో వైద్యసహాయము కావలసినవారు 77 లక్షలు. నల్లమందు తినువారికంటె హెరాయిన్ వాడువారే ఎక్కువ. ఇది పంజాబు జాడ్యము, మణిపుర జాడ్యము, మనకేల యని నిశ్చింతగా నుండు పెద్దలు గలరు. తమ బిడ్డలను అమెరికాకు పంపిన తెలుగు గృహము లెన్ని గలవో వారే లెక్కించుకొందురు గాక. ఆ దేశమున 2022లో మత్తుపదార్థముల మోతాదు మించి మరణించినవారు లక్షకు పైబడిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా ఈ జాతి మందుల పాలైనవారే.

ఇట్టి యింటి కథ సామాన్యముగా ఒకే తీరున నడచును. కుమారుని సంగతి తండ్రికి తెలియునప్పటికి తల్లికి తెలిసి సంవత్సరమై యుండును. వీధిలో తెలియకుండ దూరపు పట్టణమునందలి విముక్తి కేంద్రమునకు రాత్రివేళ తీసికొనిపోదురు. మూడు వారములు గడచును. పిల్లవాడు ఒళ్ళు చేసి తిరిగివచ్చును. కులదైవము నెదుట ఒట్టు పెట్టింతురు. పెండ్లిచేసిన కుదురుపడునని ఒక నిరపరాధినియగు కన్యను తెచ్చి వాని కంటగట్టుటయు గలదు. రెండు నెలలైనను కాకమునుపే వాడు మరల పడును. అప్పుడు ఇంటిల్లిపాదియు ‘వీనికి సిగ్గు లేదు, మాట నిలకడ లేదు’ అందురు. ఆ యొట్టు పెట్టుకొన్న క్షణమున వాడు అబద్ధమాడలేదని మేము నమ్ముచున్నాము.

శరీరధర్మము నించుక విచారింపుడు. హెరాయిన్ మానిన ఎనిమిది పండ్రెండు గంటలలో ఒడలు నొప్పులు, వాంతులు, విరేచనములు, నిద్రలేమి ఆరంభమగును. రెండు మూడు దినములలో ముదిరి, వారము పదిదినములలో తగ్గును. కేంద్రములవారు కుదిర్చి పంపునది సాధారణముగా నింతవఱకే. మెదడునందు పాతుకొన్న తహతహ నెలలు, ఏండ్లు నిలుచును. పాత స్నేహితుడు కనబడినను, ఆ సందు మలుపు తిరిగినను, చేతిలో కొంత రొక్కము పడినను అది లేచి కూర్చుండును. ఇంతకు మించిన అపాయము మఱియొకటి గలదు. మానియున్న దినములలో శరీరము పాత మోతాదును తాళు శక్తిని కోల్పోవును. వాడు మునుపటి మోతాదే తీసికొనును. ఊపిరి మందగించి నిలిచిపోవును. చెఱసాలనుండి విడుదలయైన మొదటి రెండు వారములలో ఇట్టి మరణములు మిక్కిలి హెచ్చుగ నుండునని పలుదేశముల పరిశోధనలు తేల్చినవి. మందు లేక మాన్పించి యింటికి పంపుట కూడ అట్టి విడుదలయే.

1935లో అమెరికా ప్రభుత్వము కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ వద్ద ఒక గొప్ప ఆసుపత్రిని నిర్మించెను. పొలములు, పాడిపశువులు, కర్మాగారములు దానికి గలవు. రోగులు పైరు పెంచి పాలు పితికి ఆరోగ్యవంతులైరి. ఇంటికి మరలినవారిలో అత్యధికులు మరల పడిరి. పొలముపని మంచిదే కాని, వారు తిరిగి చేరినది పాత వీధికే! దీనికి ప్రతిగా వియత్నాము యుద్ధమునుండి మరలిన అమెరికా సైనికుల వృత్తాంతము గలదు. అక్కడ హెరాయిన్‌కు బానిసలైన వారిలో, స్వదేశము చేరిన మొదటి యేట మరల బానిసలైనవారు నూటికి సుమారు అయిదుగురేయని లీ రాబిన్స్ అను విదుషీమణి 1970లలో తేల్చెను. వారికి చోటు, సహవాసము, జీవనము సమస్తము మాఱినవి. మన పిల్లవానికి మాఱిన దేమి?

మన జాతీయోద్యమ చరిత్రయందే ఈ విషయమున నొక పాఠము గలదు. 1921లో గాంధీమహాత్ముడు అస్సామున పర్యటించిన కాలమున నల్లమందు వర్జనోద్యమము అచట బలముగా సాగెను, అమ్మకము తగ్గెను. అయినను జాడ్యము పోలేదు. 1925లో అస్సాము కాంగ్రెసు విచారణసంఘము, దీనబంధు ఆండ్రూసుగారి సహకారముతో, ఆ ప్రాంతమును శోధించి నివేదిక వెలువరించెను. నలువదేండ్లు మీఱిన వ్యసనపరుల పేళ్ళు పట్టికలో వ్రాసి వారికి మితముగా మందు నీయవలెననియు, అంతకు చిన్నవారిని రోగులుగా నెంచి వైద్యుని యాజ్ఞపైననే యీయవలెననియు సంఘము సూచించెను. ఒట్టుల మహిమ నెఱిగిన దేశభక్తులే ఒట్టు చాలదని గ్రహించిరి. ఆ నివేదికను మనము మఱచుట వింతయే.

నేటి వైద్యము ఆ త్రోవనే బహుదూరము నడచినది. 1965లో న్యూయార్కునందు డోల్, నైస్వాండర్ అను వైద్యులు మెథడోన్‌తో చేసిన చికిత్సను లోకమునకు తెలిపిరి. పిదప బ్యుప్రినార్ఫిన్ వచ్చినది. ఇది నాలుకక్రింద నుంచుకొను బిళ్ళ. తహతహ నణచును, పని చేసికొననిచ్చును. కొంత మోతాదు దాటిన పిమ్మట దాని ప్రభావము పెరుగదు గనుక ఊపిరికి ముప్పు తక్కువ. 1995లో ఫ్రాన్సు దేశము సామాన్య వైద్యులే దీనిని వ్రాయవచ్చునని అనుమతించగా, నాలుగేండ్లలో అచట హెరాయిన్ మోతాదు మించిన మరణములు అయిదింట నాలుగు వంతులు తగ్గినవి. పంజాబు ప్రభుత్వము 2017 నుండి చికిత్సాలయములలో దీని నిచ్చుచున్నది.

ఒక మత్తు పోయి మఱియొకటి వచ్చినదేకదా యని ఆక్షేపించువారు గలరు. పెక్కురు సత్పురుషులే యందురు గాన బదులు చెప్పవలసియున్నది. మధుమేహమునకు ప్రతిదినము మందు పుచ్చుకొను పెద్దమనిషిని మందునకు దాసుడని మన మనము. దొంగతనము, సూది, అప్పు లేక, ఉదయమున లేచి పొలమునకు గాని కచ్చేరికి గాని పోవువాడు ఏ యర్థమున మత్తులో నున్నాడు? ఈ మందును నెలలో మాన్పింప తొందరపడినచో పతనము తప్పదు. ఏండ్లు పట్టవచ్చును. వైద్యుడు చెప్పినప్పుడు మెల్లమెల్లగా తగ్గింపవలెను. నడుమ నొకమారు పడినచో, వానిని గెంటివేయక మఱునాడే వైద్యుని యొద్దకు పంపవలెను.

పరువునకు వెఱచి, పోలీసులకు వెఱచి దాచువారికి ఒక మాట. 1985 నాటి మత్తుపదార్థముల చట్టమునందలి 64ఏ విభాగము ప్రకారము, సేవించిన నేరమునకు గాని స్వల్ప పరిమాణమునకు గాని పట్టువడిన వ్యసనపరుడు స్వయముగా గుర్తింపుపొందిన చికిత్సకు లోబడినచో శిక్షావిచారణ తప్పును. అమ్మినవానికి ఈ రక్షణ లేదు. గొలుసులతో కట్టి కుదుర్తుమను గృహములును మన పట్టణముల చెంత వెలసినవి. మానసిక రోగులను గొలుసులతో బంధించుట 2017 నాటి మానసికారోగ్య చట్టముచే నిషిద్ధము. వ్యసనసంబంధమగు మానసిక బాధలును ఆ చట్టమున చేరియే యున్నవి. బిడ్డను చేర్పించుటకు ముందు తండ్రి ఆ గృహాధికారిని అడుగవలసిన ప్రశ్నలు రెండు గలవు: ‘ఇచట బ్యుప్రినార్ఫిన్ ఇచ్చు వైద్యుడున్నాడా? మూడు వారముల తరువాత మావానిని ఎవరు చూచెదరు?’ జవాబు తడబడినచో బండిని వెనుకకు త్రిప్పి జిల్లా ప్రభుత్వాసుపత్రికి పోనిండు. 14446 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు; దానికి రుసుము లేదు.