పెరిగే ఊళ్లు, తరిగే ఊళ్లు



"ఫలానా పట్నం బాగా పెరుగుతున్నది, అక్కడ ఒక జాగా కొని పెట్టుకుంటే రేపు పిల్లలకు పనికొస్తుంది" అనే మాట ఈ రోజుల్లో వినబడని ఇల్లు లేదు. పెండ్లి పందిట్లో అదే మాట. పత్తి అమ్మి డబ్బు చేతికొచ్చిన రోజున అదే మాట. ఆదివారం ఆరాధన ముగిసి మందిరం ముందు నిలబడినప్పుడు కూడా అదే మాట. రెండెకరాల పొలం అమ్మి పట్నంలో రెండు వందల గజాలు కొన్నవారు మన మధ్య ఉన్నారు. వారిలో బాగుపడినవారు ఉన్నారు. ఏండ్ల తరబడి ముళ్లకంపల్లో హద్దురాళ్లు వెదుక్కుంటున్నవారూ ఉన్నారు. కనుక ఒక పట్టణం ఎందుకు పెరుగుతుంది, పెరిగినది ఎందుకు తరుగుతుంది అనే సంగతిని ప్రతి కుటుంబం తెలిసికొనుట మంచిదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జమ్మికుంట ఎట్లా పట్నమైంది?

దూరం పోకుండా మన జమ్మికుంటతోనే మొదలుపెడదాము. 1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పూర్తయి, ఢిల్లీ నుండి మద్రాసుకు నేరుగా దారి ఏర్పడింది. ఆ దారి మీద జమ్మికుంట ఒక స్టేషను. ప్రక్కనే ఉన్న హుజూరాబాదుకు కరీంనగర్ – వరంగల్ రోడ్డు ఉన్నది, రైలు లేదు. జమ్మికుంటకు రైలు ఉన్నది, ఆ పెద్ద రోడ్డు లేదు. ఒక ఊరిని రోడ్డు పెంచితే, ఇంకొక ఊరిని రైలు పెంచింది.

రైలు ఉన్నచోట సరుకు చేరుతుంది. సరుకు చేరినచోట అడ్తిదారు కూర్చుంటాడు. అడ్తి ఉన్నచోట తూకం వేసే దడ్వాయి, బస్తా మోసే హమాలీ, బండి తోలే డ్రైవరు, ఛాయ్ కాచే హోటలువాడు అందరూ చేరుతారు. తరువాత శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ గుండా ఈ ప్రాంతానికి వచ్చాయి. వరి పెరిగింది, రైసు మిల్లులు పెరిగాయి. చెలక భూముల్లో పత్తి పెరిగింది, జిన్నింగ్ మిల్లులు వెలిశాయి. పత్తి ఏరే కాలంలో మార్కెట్ యార్డు చుట్టూ ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరడం మనందరికీ తెలిసినదే. ఉత్తర తెలంగాణలో పేరున్న పత్తి మార్కెట్లలో జమ్మికుంట ఒకటి. పంచాయతీగా ఉన్న ఊరు నేడు మున్సిపాలిటీ అయింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. జమ్మికుంటను పెంచింది జమ్మికుంట మాత్రమే కాదు. వీణవంక, ఇల్లందకుంట, కమలాపూర్ ప్రాంతాల రైతు చెమట దానిని పెంచింది. చుట్టూ పల్లెలు పండినంత కాలమే ఈ పట్నం కళకళలాడుతుంది.

లెక్కలు ఏమి చెబుతున్నవి?

మన దేశంలో పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీస్తారు. 2021లో తీయవలసిన లెక్కలు కోవిడ్ కారణంగా ఆగిపోయాయి. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసికొని కొత్త లెక్కలు తీస్తామని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. కాబట్టి పూర్తి లెక్క కావాలంటే 2011నే చూడాలి.

ఆ లెక్క ప్రకారం తెలంగాణ ప్రాంతపు జనాభా 3 కోట్ల 50 లక్షలు. పదేండ్లలో పెరిగినది నూటికి 13.58. అందులో పల్లెల జనాభా నూటికి 2.13 మాత్రమే పెరిగింది. పట్టణాల జనాభా నూటికి 38.12 పెరిగింది. నూరుమందిలో దాదాపు 39 మంది పట్టణవాసులయ్యారు.

జిల్లాల వారీగా చూస్తే తేడా ఇంకా స్పష్టం. నాటి ఉమ్మడి కరీంనగర్ జిల్లా పదేండ్లలో నూటికి 8.15 పెరిగింది. ఆదిలాబాద్ 10.18 పెరిగింది. హైదరాబాదును చుట్టుకొని ఉన్న నాటి రంగారెడ్డి జిల్లా మాత్రం నూటికి 48 పెరిగింది! కరీంనగర్ జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1008 మంది స్త్రీలు లెక్కకు వచ్చారు. మగవారు దుబాయికి, బొంబాయికి, భివండికి, హైదరాబాదుకు పోవడం దీనికి ఒక ముఖ్య కారణం. మన జిల్లా బిడ్డలను కన్నది, ఇతర పట్నాలు వారితో పెరిగాయి.

వేగంగా పెరగడమంటే ఏమిటి?

పట్టణం మూడు విధాలుగా పెరుగుతుంది. మొదటిది, అక్కడివారికి పిల్లలు పుట్టడం. రెండవది, బయటివారు వచ్చి స్థిరపడడం. మూడవది, పొలిమేర జరగడం. ఈ మూడవదానిని చాలామంది గమనించరు.

హైదరాబాదునే చూడండి. 2001లో నగరపాలక సంస్థ పరిధిలో 36 లక్షల పైచిలుకు జనం. 2011లో 67 లక్షల 31 వేలు. పదేండ్లలో దాదాపు రెట్టింపైనట్లు కనబడుతుంది. అయితే 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేశారు. కూకట్‌పల్లి, ఎల్.బి.నగర్, కుత్బుల్లాపూర్ వంటివి అట్లా కలిసినవే. పాత నగరంతో కూడిన హైదరాబాదు జిల్లా ఆ పదేండ్లలో పెరిగినది నూటికి మూడు కూడా లేదు. నడిబొడ్డు నిండిపోయింది, అంచు పెరిగింది. ఆ అంచున ఉన్న కుత్బుల్లాపూర్ 1991 నుండి 2001 లోపలే రెట్టింపు దాటింది.

ఒక్కొక్కసారి ఎవరూ ఇల్లు కదలకుండానే పల్లె పట్టణమవుతుంది. అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు నాలుగు వందల మంది, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే, పంచాయతీ ఉన్నా సరే, జనాభా లెక్కలవారు దానిని పట్టణంగానే వ్రాసుకుంటారు. పల్లెల పెరుగుదల అంత తక్కువగా కనబడడానికి ఇది కూడా ఒక కారణం.

నూటికి ఇంత అనే లెక్కలో మరొక చిక్కు ఉన్నది. పదివేల ఊరికి అయిదు వేల మంది వస్తే నూటికి యాభై పెరిగినట్లు. పది లక్షల నగరానికి యాభై వేల మంది వచ్చినా నూటికి అయిదే. మొదటి ఊరు "మహా వేగం" అనిపించుకుంటుంది. పని దొరికేది రెండవచోటనే కావచ్చు.

బొగ్గు పట్నాల పాఠం

జమ్మికుంటలో రైలెక్కి ఉత్తరానికి పోతే పెద్దపల్లి దాటి రామగుండం వస్తుంది. ఒకప్పుడు మన ప్రాంతంలో పెరుగుదల అంటే రామగుండం పేరే చెప్పేవారు. గోదావరిఖనిలో బొగ్గు గనులు. 1978లో శంకుస్థాపన జరిగి, 1983 నుండి కరెంటు ఇవ్వసాగిన ఎన్.టి.పి.సి. కేంద్రం; అది పెరిగి పెరిగి 2,600 మెగావాట్లకు చేరింది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం. కోస్తా నుండి, ఉత్తరాది నుండి కూడా జనం వచ్చి చేరారు. 1991లో 2 లక్షల 14 వేలు, 2001లో 2 లక్షల 36 వేలు. ఇక ఆగదు అనుకున్నారు.

2011లో లెక్క తీస్తే 2 లక్షల 29 వేలే! పెరగకపోగా ఏడు వేలు తగ్గింది. ఇంకా పైన మందమర్రి 66 వేల నుండి 52 వేలకు, బెల్లంపల్లి 66 వేల నుండి 56 వేల లోపుకు దిగాయి.

కారణమేమి? ఎరువుల కర్మాగారం 1999లో మూతబడింది. సింగరేణిలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. వందలమంది చేసే పని యంత్రాలు చేయసాగాయి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు నేడు నలభై వేల చిల్లర. బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. తగ్గినది మనిషి అవసరమే. ఉద్యోగ విరమణ చేసినవారు క్వార్టరు ఖాళీ చేసి సొంత ఊరికో కరీంనగర్‌కో పోయారు. వారి మీద బ్రతికిన కిరాణా కొట్టు, టైలరు దుకాణం వెలవెలబోయాయి. ఎరువుల కర్మాగారం కొత్త సంస్థగా 2021లో మళ్లీ మొదలైంది, సంతోషమే. కాని మధ్యలో గడచిన ఇరువది రెండేండ్లలో ఒక తరం పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు.

ఇది మన దగ్గరే జరిగినది కాదు. అమెరికాలో కార్ల తయారీకి పేరుపడిన డెట్రాయిట్ నగరంలో 1950లో 18 లక్షల 49 వేల మంది ఉండేవారు. 2020లో 6 లక్షల 39 వేల మంది మిగిలారు. ఒక్క స్తంభం మీద నిలిచిన ఇల్లు ఎక్కడైనా ఒకటే.

అదే కాలంలో కరీంనగర్ 2 లక్షల 5 వేల నుండి 2 లక్షల 61 వేలకు పెరిగింది. మంచిర్యాల 70 వేల నుండి 90 వేల దరిదాపుకు వచ్చింది. ఈ రెండింటిలో ఒకే ఒక కర్మాగారం లేదు. ఆసుపత్రి ఉన్నది, కాలేజీలు ఉన్నవి, కచేరీలు ఉన్నవి, బట్టల బజారు ఉన్నది, బస్సులు అన్ని దిక్కులకూ పోతాయి. ఒకటి మందగించినా ఇంకొకటి ఆదుకుంటుంది. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విభజించినప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ కొత్త జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు కచేరీ వచ్చినచోట దాని వెంట పని కూడా వస్తుంది. ఇంతవరకు చెప్పినదంతా ఒక్క మాటలో పెడితే: ఎంత వేగంగా పెరుగుతున్నది అని కాదు, దేని మీద నిలిచి పెరుగుతున్నది అని అడగాలి.

జాగా కొనేముందు

పల్లె కుటుంబాలకు ఇక్కడ కొన్ని సంగతులు విన్నవించుకుంటాము.

మొదటిది, ఆ ఊరిలో ఏయే పనుల మీద జనం బ్రతుకుతున్నారో వ్రాసుకోండి. ఒకటే అయితే జాగ్రత్త. నాలుగైదు ఉంటే కొంత నమ్మకం.

రెండవది, నీళ్లు, మురుగు కాలువలు చూడండి. జనం పెరిగినంత తొందరగా పైపులైన్లు పెరగవు. వానకాలంలో ఒకసారి పోయి ఆ జాగా చూడడం ఎండాకాలంలో పదిసార్లు చూడడంకన్న మేలు.

మూడవది, కాగితాలు. లేఅవుట్‌కు అనుమతి ఉన్నదా, వ్యవసాయ భూమిని ఇండ్ల స్థలంగా మార్పించారా అడగండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయించండి. చెరువు శిఖం భూమి ఎంత చవకగా వచ్చినా ముట్టవద్దు. ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. మనలో చాలామంది తాతలకు వచ్చిన భూములు అటువంటివే గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాము.

నాలుగవది, పండే పొలాన్ని అమ్మేముందు ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడుకోండి. అమ్మను, ఇల్లాలిని, చదువుకున్న ఆడపిల్లను కూడా అడగండి. బిడ్డ చదువుకు పెట్టిన సొమ్ము ఏ పట్నం పెరిగినా తరిగినా బిడ్డ వెంటే ఉంటుంది.

మిగిలినవారి మాట

పట్నాలు పెరిగే కొద్దీ మన పల్లె సంఘాల్లో ఒక మార్పు వస్తున్నది. క్రిస్మస్‌కు, పండుగలకు మందిరం నిండుతుంది. మిగతా ఆదివారాల్లో తలనెరసినవారు, చిన్నపిల్లలు కనబడతారు. కొడుకు ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో గది కిరాయికి తీసికొని ఉంటాడు. తల్లి ఇక్కడ బీపీ గోలీలు తెచ్చిపెట్టేవారి కోసం ఎదురుచూస్తుంది. జనాభా లెక్కల్లో కొడుకు పట్నం పెరుగుదలగా కనబడతాడు. తల్లి ఒంటరితనానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

అట్లని పట్నం పోవడం తప్పనలేము. పని ఉన్నచోటికి మనిషి పోక తప్పదు. పోయినవారు వారానికి రెండుసార్లు ఫోను చేయడం, నెలకొకసారి వచ్చి చూడడం, మందుల చీటీ తమ దగ్గర పెట్టుకోవడం చేయగలిగిన పనులే. ఊళ్లో ఉన్నవారు ఆ ముసలమ్మ తలుపు తట్టి "తిన్నవా అవ్వా" అని అడగడం ఖర్చులేని పని.

ఇక జమ్మికుంట వంటి పట్నంలో ఉన్నవారికి ఒక మాట. బీహారు నుండి రైసు మిల్లుకు వచ్చిన కుర్రవాడు, పక్క మండలం నుండి పిల్లల చదువుకోసం వచ్చి రెండు గదుల్లో ఉంటున్న కుటుంబం, వీరంతా ఈ పట్నం పెరుగుదలే. రేపు 2027 లెక్కల్లో వీరిని కూడా ఒక్కొక్కరిగా వ్రాసుకుంటారు. లెక్కలు వ్రాసేవారు వచ్చేలోపే వారి పేరేమిటో, ఊరేదో మనము అడిగి తెలిసికొందాము.