వలందా విద్యాపీఠములు – మన వినిమయ విద్యార్థులు

విదేశవిద్య తెలుగునాట నేడు క్రొత్త విషయము కాదు. పూర్వము సంపన్నగృహస్థులు కొందఱు మాత్రమే తమ కుమారులను సముద్రమున కావలకు పంపుచుండిరి. నేడు రెండెకరముల మాగాణి గల రైతు సైతము, ఉన్నదానిని తనఖా పెట్టియో, అమ్మియో, కొడుకునో కూతురునో పరదేశమునకు పంపుటకు వెనుదీయుట లేదు. ఈ ప్రయాణములలో అధికభాగము అమెరికాకు జరుగుచున్నది. దానితో పోల్చినచో నెదర్లాండ్సునకు, అనగా మన పూర్వులు వలందా యని పిలిచిన హాలెండు దేశమునకు, పోవువారు కొద్దిమంది. వినిమయ విద్యార్థులై అచ్చట ఒక అర్ధసంవత్సరమో, ఒక సంవత్సరమో చదివి మరలి వచ్చువారు మఱింత కొద్దిమంది. అయినను ఈ కొద్దిమందిని గుఱించి విచారింపవలసి యున్నది. ఏలయన వినిమయ మనగా ఇచ్చిపుచ్చుకొనుట. మన విద్యార్థి ఆ దేశమునుండి పుచ్చుకొనుచున్న దేమి? పుచ్చుకొనగలిగియు విడిచి వచ్చుచున్న దేమి? ఈ ప్రశ్ననే నేడు మేము పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

ముందుగా పద్ధతిని తెలిసికొందము. ఇచ్చటి విద్యాలయమునకును అచ్చటి విద్యాలయమునకును ఒడంబడిక యున్నయెడల, విద్యార్థి తన ఫీజును స్వదేశముననే చెల్లించును. ఆతిథ్యమిచ్చు విద్యాలయము అతనియొద్ద బోధనకై వేఱుగ ఫీజు పుచ్చుకొనదు. ఇది చిన్న సౌకర్యము కాదు. 2024–25 సంవత్సరమున ఐరోపా సమాఖ్య విద్యార్థులకు ఆ ప్రభుత్వము నిర్ణయించిన వార్షిక ఫీజు 2,530 యూరోలు. మనవంటి పరాయి దేశస్థులు పట్టమునకై నేరుగా చేరినచో చెల్లింపవలసినది దానికి పలురెట్లు. వినిమయ విద్యార్థికి ఆ భారము లేదు. బస, భోజనము, ప్రయాణము, ప్రవేశానుమతి వ్యయములు మాత్రమే మిగులును. కాబట్టి భూమి నమ్ముకొననక్కఱలేని మార్గములలో ఇది యొకటి.

చదువు కొలత యచ్చట స్పష్టముగా నుండును. సంవత్సరమునకు 60 క్రెడిట్లు, ఒక్కొక్క క్రెడిటునకు 28 గంటల శ్రమ. అర్ధసంవత్సరమునకు 30 క్రెడిట్లు తీసికొన్నవాడు 840 గంటలు పాటుపడవలెను. ఇది ఉపన్యాసములు వినుటకు మాత్రమే యుద్దేశింపబడిన కాలము కాదు. చదువుట, వ్రాయుట, తోడివారితో చర్చించుట అన్నియు ఇందు చేరినవి. మార్కులు పదింటికి లెక్కింతురు. ఆఱు వచ్చిన ఉత్తీర్ణత, ఎనిమిది వచ్చిన గౌరవము. పదికి పది వచ్చుట మిక్కిలి యరుదు. నూటికి తొంబది తెచ్చుకొనుట కలవాటుపడిన మన తలిదండ్రులు, ఏడు మార్కులను చూచి పిల్లవాడు చెడిపోయెనని కంగారుపడరాదు. ఇక అచ్చట సంపాదించి ఖర్చులు వెళ్లబుచ్చుకొందమను ఆశ పనికిరాదు. మనవంటి విదేశీ విద్యార్థి వారమునకు 16 గంటలు గాని, జూన్ మొదలు ఆగష్టు వఱకు పూర్తికాలము గాని మాత్రమే పనిచేయవచ్చును. దానికిని యజమాని ముందుగా అనుమతి పొందవలెను.

ఆ విద్యాపీఠముల పుట్టుక తెలిసికొనదగినది. లైడెన్ పట్టణమును 1573–74లలో స్పెయిను సేనలు ముట్టడించి ఆకలితో మాడ్చినవి. అప్పుడు డచ్చి దేశభక్తులు తమ కరకట్టలను తామే తెగగొట్టి, సముద్రజలమును తమ పొలములమీదికి వదలి, ఆ నీటిమీదుగా పడవలు నడిపి 1574 అక్టోబరు 3వ తేదీన పట్టణమును విడిపించిరి. కరకట్ట యన నేమో, పంటభూమిపై ఉప్పునీరు ప్రాకుట యన నేమో కృష్ణా గోదావరీ తీరములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ త్యాగమునకు బహుమానముగా 1575లో ఆరెంజి ప్రభువు విలియము లైడెనునకు విశ్వవిద్యాలయము నొసగెను. పన్నుల మినహాయింపు కావలెనా, విద్యాలయము కావలెనా యని యడుగగా పౌరులు విద్యాలయమునే కోరిరని ప్రతీతి గలదు. అది కథయే యైనను, తమ్ము గుఱించి అట్టి కథ చెప్పుకొను జాతి మెచ్చదగినది. పిమ్మట 1614లో గ్రోనింగెనునను, 1636లో ఉట్రెక్టునను విద్యాపీఠములు వెలసినవి.

నాటినుండియే అచ్చటికి పరదేశీయులు వచ్చుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున బూర్హావె యను వైద్యాచార్యుడు రోగి మంచముకడనే పాఠము చెప్పుచుండగా, ఐరోపా నలుమూలలనుండి శిష్యులు లైడెన్ చేరిరి. వృక్షశాస్త్రజ్ఞుడగు లినేయసు స్వీడనునుండి 1735లో వచ్చి, హార్డర్‌వైక్ పట్టణమున రెండువారములు నిండకమునుపే వైద్యపట్టమును పొంది, ఆ యేటనే లైడెనులో తన ప్రసిద్ధగ్రంథమును ముద్రింపించెను. వీరందఱికిని బోధనాభాష లాటిను. అది ఎవ్వరి యింటిభాషయు కాదు; అందఱికిని సమానముగా పరాయిది.

నేడు లాటిను స్థానమును ఆంగ్లము ఆక్రమించినది. పందొమ్మిదవ శతాబ్దమున లాటిను వెనుకబడి డచ్చిభాష విద్యాపీఠమెక్కినది. వైద్యము, ధర్మశాస్త్రము, యంత్రశాస్త్రము అన్నియు ఆ చిన్నజాతి తన భాషలోనే నేర్చుకొన్నది. తరువాత 1987లో ఐరోపా దేశములు పదునొకండు చేరి, రోటర్‌డాముకు చెందిన మహాపండితుడు ఎరాస్మసు పేర విద్యార్థి వినిమయమును స్థాపించినవి. తొలియేట పోయినవారు 3,244 మంది. అతిథులు వచ్చుచుండగా వారికి తెలిసిన భాషలో పాఠము చెప్పవలసి వచ్చెను. 1990 ప్రాంతమున విద్యామంత్రి రిట్సెన్, విశ్వవిద్యాలయములయందు ఆంగ్లమే బోధనాభాష కావలెనని సూచింపగా దేశమున గొప్ప కలకలము పుట్టినది. ఫలితముగా 1992 ఉన్నతవిద్యా శాసనమున, బోధనయు పరీక్షలును డచ్చిభాషలో జరుగవలెనని వ్రాసి, దాని క్రిందనే మినహాయింపులను గూడ చేర్చిరి. ముప్పది యేండ్లలో ఆ మినహాయింపుల ద్వారమునుండియే ఆంగ్లము ప్రవాహమై లోనికి వచ్చినది. మాష్టరు పట్టపు తరగతులలో అధికభాగము ఆంగ్లమయ మైనది. 2022–23లో ఆ దేశమున చదువుచున్న విదేశీ విద్యార్థులు సుమారు 1,22,000 మంది.

దీని ఫలితమేమి? 2019లో ఆంస్టర్‌డామునందలి ఫ్రైయె విశ్వవిద్యాలయము, చేరువారు చాలనందున, డచ్చి భాషాసాహిత్యముల బి.ఏ. తరగతిని ఎత్తివేయ నిశ్చయించెను. ఒక దేశపు రాజధానిలో ఒక గొప్ప విద్యాలయము తన దేశభాషకే తలుపు మూసినది! 2023లో విద్యామంత్రి డైక్‌గ్రాఫ్, బి.ఏ. తరగతులలో డచ్చిభాషకు ప్రధానస్థానము కల్పించుటకును, విదేశీ విద్యార్థులకు ఆ భాష నేర్పుటకును ఒక చిత్తుశాసనమును ప్రతిపాదించెను. 2024లో అది పార్లమెంటు నెదుటికి వచ్చినది. ఈయన సంకుచితస్వభావుడు కాడు. ప్రఖ్యాత భౌతికశాస్త్రవేత్త, అమెరికాయందలి ప్రిన్‌స్టన్ పరిశోధనాసంస్థకు పదేండ్లు అధ్యక్షత వహించినవాడు. అట్టి విశ్వజనీనుడే స్వభాషను గుఱించి కలవరపడెనన్న, ఆపద ఎంతటిదో యూహింపవచ్చును.

ఈ కలవరము ఆతిథేయులదే గాని అతిథికి దీనితో పనియేమి యని కొంద ఱడుగవచ్చును. పని గలదు. మన విద్యార్థి తరగతిలో ఆంగ్లము వినును. బసలో తనవంటి విదేశీయుల నడుమ ఆంగ్లము మాటలాడును. అంగడికి పోయి రెండు డచ్చి మాటలు ప్రయత్నించునేని, ఉచ్చారణ విన్నంతనే అవతలివాడు మర్యాదకై ఆంగ్లములోనికి మాఱును. ఇట్లు అయిదు నెలలు గడచిపోవును. అతడు డచ్చివారి సైకిలు నెక్కును, కాలువల గట్లపై ఛాయాచిత్రములు తీయించుకొనును. కాని వారి పత్రిక చదువడు, వారి యింటిమాట వినడు. ఇంటి వీథియరుగుపై కూర్చుండి మరలిన చుట్టమువంటివాడు. అతనికి గది దొరకుటయే కష్టముగా నున్నది. 2022లో పలు విద్యాలయములు, బస కుదిరిననే గాని బయలుదేరవలదని విదేశీ విద్యార్థులను హెచ్చరించినవి. గది దొరకని కష్టము కంటికి కనబడును. భాష దొరకని నష్టము కనబడదు.

తెలుగువారికి ఈ నష్టము మఱింత పెద్దది. వలందావారు మనకు క్రొత్తవారు కారు. 1605లో వారి నావలు బందరు చేరినవి. పాలకొల్లు, జగన్నాథపురము, భీమునిపట్టణములయందు వారు వర్తకశాలలు నిలిపిరి. మన నేతగాండ్ర బట్టలను, అద్దకపు పని వస్త్రములను ఓడలకెత్తి దేశదేశముల కమ్మిరి. బందరులో వలందపాలెము నేటికిని వారి పేరు మోయుచున్నది. 1824 ఒడంబడికతో వారి స్థావరములు ఆంగ్లేయులపాలైనను, వారి వ్రాతలు నిలిచియున్నవి. ఆ కంపెనీ కాగితములు హేగు, జకార్తా, కొలంబో, చెన్నపట్టణము, కేపుటౌనులయందు రెండున్నరకోట్ల పుటలు గలవని అంచనా. 2003లో యునెస్కో వానిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. మన తీరమునందలి ధరలు, కఱవులు, దొరలు, దుబాసీలు, సాలీల బ్రతుకులు ఆ పుటలలో నిదురించుచున్నవి. వానిని చదువుటకు డచ్చిభాష రావలెను. పిదప పాత లిపి నభ్యసింపవలెను. ఈ శతాబ్దారంభమున లైడెన్ విశ్వవిద్యాలయము ఆసియా విద్యార్థులకు ఆ భాషను, ఆ లిపిని నేర్పి చరిత్రకారులనుగా తీర్చుటకు ప్రత్యేకముగ ఒక ప్రణాళికను నడపినది కూడ. ద్వారము తెఱవబడియే యున్నది. లోనికి నడువవలసినవారు మనవారు.

అయిదు నెలలలో భాష వచ్చునా యని సంశయింపవచ్చును. పాండిత్యము రాదు. కాని బయలుదేరుటకు పూర్వము ఇచ్చటనే ఆఱు నెలలు మొదలిడి, అచ్చట 30 క్రెడిట్లలో కొన్నింటిని భాషకు కేటాయించి, మాటలాడునప్పుడు “దయచేసి డచ్చిలోనే చెప్పుడు” అని పట్టుపట్టువాడు పత్రిక చదువగలిగినవాడై మరలివచ్చును. ఒడంబడికలు వ్రాసికొను మన విద్యాలయములు ఈ భాషాభ్యాసమును షరతుగా చేర్చుట మేలు. చరిత్ర, వ్యవసాయము, జలనిర్మాణము చదువువారికి ఇది తప్పక కావలసినది. ఇచ్చిపుచ్చుకొనుట యన్నమాటకు అర్థము నిలువవలెనన్నచో, అచ్చటినుండి వచ్చు విద్యార్థికి మనము తెలుగు నేర్పుటయు న్యాయమే.

తుదకు తెలియవలసిన దొకటి గలదు. డచ్చిభాష మాటలాడువారు బెల్జియముతో గలసి సుమారు రెండుకోట్ల నలువది లక్షలు. 2011 జనాభాలెక్కలప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడినవారు. మనలో మూడవవంతైన లేని జాతి శతాబ్దమునకు పైగా సకలశాస్త్రములను తన భాషలో బోధించి చూపినది. నేడు అది సడలుచుండగా పార్లమెంటులో వాదించుకొనుచున్నది. మన హైదరాబాదులోనే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్య నేర్ప సాహసించినది. తెలుగున కట్టి ప్రయత్నము పూర్తిగ జరుగనే లేదు. పోగొట్టుకొనుచున్నామని డచ్చివారు దుఃఖించుచున్నది, మనము ఇంకను సంపాదింపనే లేదు. వలందాకు పోవు మన బిడ్డలు పట్టములతోపాటు ఈ యెఱుకను గూడ మూటగట్టుకొని రావలెనని మా కోరిక.