డ్యూటీ దిగినా దిగని భారం: వైద్య సిబ్బంది మనసుపై అపోహలు – వాస్తవాలు

కోవిడ్ కాలంలో ఆసుపత్రి సిబ్బంది కోసం చప్పట్లు కొట్టాం, పళ్లాలు మోగించాం. వాళ్ల మనసు గురించి అప్పుడు పాతుకుపోయిన తప్పుడు అభిప్రాయాలు మాత్రం ఇంకా వదల్లేదు. మరో మహమ్మారి రాకముందే వాటిని వదిలించుకోవాలి.

అపోహ: రోజూ చావులు చూసేవాళ్ల మనసు రాటుదేలిపోతుంది.

వాస్తవం: 2020 ఆరంభంలో చైనాలోని 34 ఆసుపత్రుల్లో 1,257 మంది వైద్య సిబ్బందిని సర్వే చేస్తే, సగం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. మూడోవంతు మందికి నిద్ర కరవైంది. నర్సుల్లో, మహిళల్లో, రోగుల పక్కనే పనిచేసేవారిలో తీవ్రత ఎక్కువ. అయినవాళ్లు దగ్గరుండగా పోయే ప్రాణాన్ని చూడటం వేరు. వీడియో కాల్‌లో పిల్లలకు తండ్రి కడసారి చూపు చూపించాల్సి రావడం వేరు. ఎన్నేళ్ల అనుభవమైనా దానికి మనిషిని సిద్ధం చేయదు.

అపోహ: ఒక కౌన్సెలర్‌ను పెడితే ఆసుపత్రి బాధ్యత తీరినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. చైనాలో హునాన్ ప్రావిన్స్‌లోని సెకండ్ షియాంగ్యా ఆసుపత్రి 2020లో సిబ్బంది కోసం మానసిక నిపుణుల బృందాన్ని, హాట్‌లైన్‌ను ఏర్పాటుచేసింది. కానీ సిబ్బంది ముందుకు రాలేదు. ఎందుకని అడిగితే, తమకు సైకాలజిస్టు అవసరం లేదని, మధ్యలో ఎవరూ లేపని విశ్రాంతి, సరిపడా రక్షణ సామగ్రి కావాలని చాలామంది చెప్పారు. ఆసుపత్రి ఆ మాట విన్నది. విశ్రాంతి గదులు, భోజనం సమకూర్చింది. ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా సిబ్బంది తమ దినచర్యను వీడియో తీసి పంపుకోనిచ్చింది. కౌన్సెలర్లు ఆ విశ్రాంతి గదులకే వెళ్లి వాళ్ల కష్టం విన్నారు.

మన దగ్గరా అంతే. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి మరణించాక డాక్టరుపై దాడి జరిగింది. ఆందోళనకు దిగిన జూనియర్ డాక్టర్లు భద్రత అడిగారు, కోవిడ్ రోగులను ఇతర ఆసుపత్రులకూ పంచమన్నారు. ఈ డిమాండ్లు మానసిక ఆరోగ్యానికి సంబంధించినవే. డ్యూటీ చార్టు సరిగా వేయని చోట ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా ఫలితం ఉండదని నా నమ్మకం.

అపోహ: ఘోరం చూసినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పిస్తే భారం దిగుతుంది.

వాస్తవం: అలా ఒక్క విడతలో అంతా తవ్వి తీయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. తోడుగా ఉండి, చెప్పినంత విని, తక్షణ అవసరాలు చూడాలి.

అపోహ: మహమ్మారి పోతే మనసులు వాటంతటవే కుదుటపడతాయి.

వాస్తవం: 2003లో టొరంటోను సార్స్ అనే అంటువ్యాధి కుదిపేసింది. అక్కడ సార్స్ రోగులకు చికిత్స చేసిన ఆసుపత్రుల సిబ్బందిలో ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా అలసట, ఆందోళన ఎక్కువగా ఉన్నాయి. తగిన శిక్షణ, రక్షణ, అండ దొరకలేదని భావించినవాళ్లే ఎక్కువ బాధపడ్డారు.

అపోహ: సాయం అడిగితే ఆఫీసుకు తెలిసిపోతుంది.

వాస్తవం: చికిత్స వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా ఇచ్చింది. సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ పలుకుతుంది. డాక్టర్లే కాదు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వార్డులు ఊడ్చే అక్కలు కూడా నిస్సంకోచంగా ఫోన్ చేయండి.