సాఫ్ట్‌వేర్ తమ్ముడు యాప్ చూపిస్తే ‘మంచిగుంది’ అని చెప్పి పంపియ్యకండి

ఈ వారం వీడియో పంట గురించి కాదు. పంట లెక్కల కోసం సొంతంగా యాప్ తయారు చేసి, “ఒకసారి వాడి చెప్పు అన్నా” అని మన పొలానికి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల గురించి. వీడియోలో టైం సరిపోక చెప్పలేని విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్న.

కరీంనగర్ చుట్టుపక్కల ఊర్లల్ల సాఫ్ట్‌వేర్ కొలువు చేసే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నరు. 2020 జులైలో కరీంనగర్‌లోనే ఐటీ టవర్ మొదలైంది. అదే ఏడాది కరోనాతోటి హైదరాబాద్, బెంగళూరు నుంచి ఎంతోమంది ఇంటికాడికి వచ్చి పని చేసిండ్రు. పొద్దంతా కంపెనీ పని. రాత్రిపూట, ఆదివారం నాడు తమకు నచ్చింది ఏదో ఒకటి తయారు చేసుకుంటరు. దాన్ని వాళ్లు సైడ్ ప్రాజెక్ట్ అంటరు. మన లెక్కల చెప్పాలంటే పత్తిలో వేసుకునే కంది సాలు లాంటిది. దాని మీద జీతం రాదు, కానీ ఒక్కోసారి అదే అసలు పంట అయితది.

కంప్యూటర్ ప్రపంచంలో ఇట్ల నిజంగానే జరిగింది. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌కు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్ననని, అందులో ఏమేం ఉంటే బాగుంటదో చెప్పమని తోటివాళ్లను అడిగిండు. ఇది పెద్దగా అయ్యేది కాదని కూడా తనే చెప్పుకున్నడు. అదే లినక్స్. మన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు పునాది అదే. తెలుగులో చూస్తే, ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ‘లేఖిని’ని వీవెన్ 2006లో తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చిండు. ఇవన్నీ వాడేవాళ్లు “ఇక్కడ ఆగుతున్నది, ఇది సరిగ్గా రాలేదు” అని చెప్పంగ చెప్పంగ బాగుపడ్డయి.

మరి వ్యవసాయ యాప్‌కు ఆ మాట చెప్పాల్సింది ఎవరు? మనమే.

మనం చెప్పకుంటే ఏమైతది?

ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతోటి ‘సాగు బాగు’ అనే ప్రాజెక్టు నడిచింది. ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు వాడకం 9 శాతం తగ్గిందని లెక్క తీసిండ్రు. మంచి ఫలితమే, కాదనను. కానీ అందులో కొలిచింది మందు ఎంత తగ్గిందని. అసలు మందే కొట్టని మన లెక్క ఏ గడిలో రాయాలె? చాలా యాప్‌లు బస్తా ఎరువు వేసి, డబ్బా మందు కొట్టే సాగును మనసుల పెట్టుకొని తయారైతున్నయి. ఇది పిల్లల తప్పు కాదు. వాళ్లకు కనబడ్డ వ్యవసాయం అదే. మనం నోరు తెరవకుంటే రేపు బ్యాంకు, బీమా, మార్కెట్ అన్నీ ఆ గడులనే చూస్తయి. అందులో మన సాగు కనబడనే కనబడదు.

పొలంలో బయటపడ్డవి

మొన్న ఇద్దరు పిల్లలు వాళ్లు చేసిన పంట డైరీ యాప్ తీసుకొని మా తోటకు వచ్చిండ్రు. నేను, మా అమ్మ, పక్క పొలం కాక ముగ్గురం వాడినం. వీడియోలో ఉన్నది అదే. గంటలో బయటికి వచ్చిన విషయాలు ఇవి:

మందు పేరు, ధర రాయకుంటే యాప్ ముందుకు పోదు. ధర దగ్గర సున్నా కొడితే ఒప్పుకోదు. ఇంట్ల ఆవు పేడ, మూత్రంతోటి చేసుకున్న జీవామృతానికి ఏం ధర రాయాలె?

ఒక మడికి ఒక్క పంటే ఎంచుకోవాలె. మా దాంట్ల పత్తి, కంది, గట్ల పొంటి జొన్న, మధ్య మధ్య బంతి ఉన్నయి. కాక నవ్వి, “అయితే మూడు పంటలు పీకెయ్యాల్నా బిడ్డా?” అన్నడు.

‘మక్క’ అని వెతికితే ఏం రాలేదు. మొక్కజొన్న అంటేనే వచ్చింది. యాసంగి లేదు, రబీ ఉన్నది. విస్తీర్ణం హెక్టార్లల్ల అడుగుతున్నది. మనకు ఎకరాలు, గుంటలు కావాలె.

జీవామృతం కలిపినంక 48 గంటలకు గంట కొట్టి గుర్తుచేస్తది. బాగుంది. కానీ చలికాలంల పులవడం ఆలస్యమైతది. పొద్దున, సాయంత్రం కలియబెట్టాలని కూడా గుర్తు చెయ్యాలె.

మా అమ్మ చదవలేదు. మాట చెప్తే రాసుకునే వీలుంటే తనే నడిపిస్తనన్నది. ఎండలో స్క్రీన్ కనబడలేదు. బావి కాడ సిగ్నల్ లేదు.

ఆ పిల్లలు ఒక్క మాటకు కూడా చిన్నబుచ్చుకోలేదు. అన్నీ రాసుకున్నరు. పోయేటప్పుడు ఒకడు ఏమన్నడంటే, “అన్నా, ఇప్పటిదాకా 30 మందికి చూపించినం. అందరూ సూపర్ అన్నరు. కానీ రెండో రోజు ఒక్కరు కూడా తెరవలేదు.” ఆ మాట నాకు బాగా తాకింది. మనం మర్యాదకు అనే ‘మంచిగుంది’ వాళ్ల ఆరు నెలల రాత్రి పనిని దారి తప్పిస్తున్నది.

ఇది మనకు కొత్త పని కాదు

పీజీఎస్ సర్టిఫికెట్ కోసం గ్రూపు కట్టినవాళ్లకు ఇది తెలుసు. కనీసం ఐదుగురు రైతులం కలిసి, ఒకరి పొలం ఒకరం తిరిగి చూస్తం. పక్క పొలం మందు గాలికి మన మీద పడకుండ గట్టు మీద అడ్డుపంట ఉన్నదా, విత్తనం ఎక్కడిది, డైరీ రాస్తున్నడా అని అడుగుతం. మొహమాటపడి సరే అని సంతకం పెడితే గ్రూపు మొత్తం పేరు పోతది. యాప్ చూసేటప్పుడు కూడా అదే కన్ను పెట్టండి.

నేను పాటించే పద్ధతి చెప్తున్న:

1. ‘మంచిగుంది, బాగలేదు’ అనకండి. వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట అర్థం కాలేదో అది చెప్పండి.

2. ఒక్క రోజు చూసి చెప్పకండి. కనీసం వారం రోజులు నోటుబుక్కు, యాప్ రెండూ రాయండి. దేంట్లో ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. నోటుబుక్కే నయం అనిపిస్తే ఆ మాటే చెప్పండి.

3. ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఇవ్వండి. పాల లెక్క, కూలి లెక్క, విత్తనం దాచిన లెక్క ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటది.

4. “నా లెక్కలు ఎక్కడికి పోతయి? ఎవరికి అమ్ముతవు?” అని ముందే అడగండి. ఫోన్ నంబరు, సర్వే నంబరు అవసరం లేకుండ వాడే వీలున్నదా చూడండి.

5. “నీకు కొత్త కొలువు దొరికి దీన్ని వదిలేస్తే నా డైరీ ఏమైతది?” ఇది తప్పక అడగండి. సైడ్ ప్రాజెక్టులు చాలా వరకు మధ్యలనే ఆగిపోతయి, అది సహజం. అందుకే మన లెక్కలు ఎక్సెల్ ఫైలుగ దించుకునే బటన్ ఉండాలె. పీజీఎస్‌కు చూపించే రికార్డు వేరేవాళ్ల ఫోన్‌ల ఇరుక్కుపోతే నష్టం మనకే.

సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండు మాటలు

పూర్తయినంక తేకండి, సగంల ఉన్నప్పుడే తీసుకరండి. అన్నీ అయినంక మేము తప్పు చెప్తే మార్చడానికి మీకు మనసొప్పదు, చెప్పడానికి మాకూ నోరు రాదు. “బాగుందా?” అని అడగకండి. ఫోన్ చేతికిచ్చి, “నిన్న చేసిన పని ఇందులో రాయండి” అని చెప్పి పక్కన కూర్చోండి. సాయం చెయ్యకండి. మేము ఎక్కడ తడబడితే అక్కడే మీకు పని ఉన్నది. మధ్యాహ్నం చెట్టు కింద కాదు, ఎగిలివారంగ రండి. చేతికి పేడ అంటుకొని ఉన్నప్పుడు ఫోన్ ఎట్ల నడుస్తదో చూడండి.

ఆ ఇద్దరు పిల్లలు అంతర పంటల గడి, సున్నా ధర మార్చి నిన్ననే కొత్తది పంపించిండ్రు. మాట చెప్తే రాసుకునేది ఇంకా కాలేదు. ఈ యాసంగికి మా పీజీఎస్ గ్రూపుల వాడి చూస్తం. పనికొస్తే పనికొచ్చిందని, లేకుంటే లేదని ఇక్కడే వీడియో పెడుత. మీ ఊరికి ఇట్లాంటి పిల్లలు ఎవరన్నా వస్తే చాయ్ పోయండి, ఒక గంట టైం ఇవ్వండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జై కిసాన్.