ఎడారిలో ఒళ్లు దాచుకోవడం తప్పు కాదు

చలికాలం వస్తే రియాద్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు సెలవు రోజున తుమామా వైపు వెళ్లడం అలవాటే. పులిహోర, చికెన్ ఫ్రై డబ్బాల్లో సర్దుకుని, ఇసుకలో చాప పరుచుకుని సాయంత్రం దాకా గడిపి వస్తాం. ఒకసారి అలా వెళ్తుంటే దారిలో ఒంటెల మంద కనిపించింది. కారు ఆపాను. ఐదో తరగతి చదివే మా అబ్బాయి దిగీ దిగగానే, "నాన్నా, ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుంది కదా!" అన్నాడు.

మందను చూసుకునే మనిషి తెలుగు విని దగ్గరికి వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరట. వచ్చి తొమ్మిదేళ్లయిందట. "నీళ్లు గాదు బిడ్డా, కొవ్వుంటది. కోసినప్పుడు నేను సూసిన," అని నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎండకాలంల రావాలె సార్ మీరు. మిట్టమధ్యాహ్నం ఇవి ఒకదానికొకటి ఆనుకొని కూసుంటయి. లేపినా లేవవు," అన్నాడు.

మాటల్లో తన సంగతీ చెప్పాడు. వచ్చిన రెండో ఎండాకాలం, జూలైలో ఒక మధ్యాహ్నం ఒంటెలు కూర్చున్నా తను మాత్రం కంచె బాగుచేస్తూ తిరిగాడట. "గవి ఉంటలేవా, నేనెందుకుండనని మొండికేసిన సార్. అంతే, పడిపోయిన. సూడాన్ అతను నీళ్ల ట్యాంకర్ కిందికి గుంజుకపోయి ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తే తెలివొచ్చింది."

ఆ మాట నన్ను వదల్లేదు. ఎండకు ఒంటె తట్టుకుంటుంది, మనిషి ఎందుకు పడిపోతాడు? ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేమిటంటే, ఒంటె మనం అనుకునే పద్ధతిలో ఎండను తట్టుకోవడం లేదు. అది వేరే లెక్కలో బతుకుతోంది. ఆ లెక్క మన ఒంటికి లేదు.

పగటి వేడిని రాత్రికి వాయిదా వేస్తుంది

ముందు మూపురం సంగతి. అందులో ఉన్నది కొవ్వే. తిండి దొరకని రోజుల్లో అదే ఆధారం. కొవ్వంతా ఒకేచోట ఉండటంతో మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పినట్టు ఉండదు, లోపలి వేడి సులువుగా బయటికి పోతుంది.

ఒంటె అసలు రహస్యాన్ని కొలిచి చూపించినవాడు క్నూట్ ష్మిట్-నీల్సన్. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త. 1953-54లో అల్జీరియాలోని సహారాలో ఒంటెల మధ్య గడిపి వాటి ఒంటి వేడిని, తాగే నీటిని, పోయే నీటిని లెక్కగట్టాడు. నీళ్లు బాగా దొరికే ఒంటె ఒంటి వేడి రోజులో రెండు డిగ్రీలు అటూ ఇటూ మారుతుంది. నీళ్లు దొరకని ఒంటెకు మాత్రం తెల్లవారుజామున 34 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి 41 డిగ్రీల దాకా ఎక్కుతుంది.

మనకైతే 41 డిగ్రీలంటే ఆసుపత్రికి పరుగు. ఒంటెకు అది పొదుపు. మన ఊళ్లో డాబా ఇల్లు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి వదులుతుంది కదా, ఒంటె ఒళ్లు కూడా అంతే. 500 కిలోల ఒంటె ఆరు డిగ్రీలు వేడెక్కితే, ఆ వేడిని చెమటతో వదిలించుకోవడానికి దాదాపు 5 లీటర్ల నీళ్లు కావాలి. ఒంటె ఆ 5 లీటర్లు ఖర్చు చేయదు. వేడిని అలాగే ఉంచుకుని, రాత్రి చల్లగాలికి ఊరికే వదిలేస్తుంది.

వీపు మీద దట్టమైన బొచ్చు కూడా ఎండకు అడ్డుగోడే. ఆ బొచ్చు కత్తిరించిన ఒంటెకు చెమట రూపంలో పోయే నీరు సగానికి సగం పెరిగిందని ఆయన కొలతల్లో తేలింది. ఇక జగిత్యాల అన్న చెప్పిన ఆనుకుని కూర్చోవడం? పక్కపక్కనే ఒత్తుకుని కూర్చుంటే ఎండ తగిలే ఒళ్లు తగ్గుతుంది. చుట్టూ గాలి, నేల తమ ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు పక్క ఒంటె ఒళ్లే చల్లని గోడ. సూర్యుడికి ఎదురుగా కూర్చోవడం కూడా ఇందుకే. అడ్డంగా కూర్చుంటే పక్క మొత్తానికి ఎండ తగులుతుంది, ఎదురుగా అయితే కొంతే తగులుతుంది.

రక్తం చిక్కబడదు

ఒంట్లోని నీరు పోయి బరువులో నాలుగో వంతు తగ్గినా ఒంటె నడుస్తూనే ఉంటుంది. మనిషి ఎండలో తన బరువులో పదో వంతు నీరు పోగొట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తేడా రక్తంలో ఉంది. మనలో నీరు తగ్గేకొద్దీ రక్తం చిక్కబడి, గుండె దాన్ని చర్మం దాకా నెట్టలేకపోతుంది. అప్పుడు లోపలి వేడి బయటికి రాదు. ఒంటె మాత్రం రక్తంలోని నీటిని చాలావరకు కాపాడుకుని, మిగతా ఒంటిలోని నీటిని ముందుగా వాడుకుంటుంది.

నీళ్లు దొరికినప్పుడు తాగే తీరు చూస్తే ఆశ్చర్యమే. దాహంతో ఉన్న ఒంటె పది నిమిషాల్లో 100 లీటర్ల దాకా తాగేయగలదు. ఒక్కసారిగా అంత నీరు చేరితే మన ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఒంటె కణాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి, రెండింతలు ఉబ్బినా పగలవు.

విమానం మీద చూసే జంతువు

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఖతర్ ఎయిర్‌వేస్ విమానం తోక మీద పొడవాటి కొమ్ముల జంతువు బొమ్మ చూసే ఉంటారు. అదే అరేబియా ఓరిక్స్. అరబ్బులు 'మహా' అంటారు. మన కృష్ణజింకకు దూరపు చుట్టం. ఒళ్లు తెల్లగా ఉండి ఎండను వెనక్కి కొడుతుంది. నెలల తరబడి నీళ్లు తాగకుండా ఆకుల్లోని తేమతో, మంచుతో గడిపేస్తుంది. ఎండాకాలం పగలు చెట్టు నీడలో కాలితో ఇసుక తవ్వి, లోపలి చల్లటి మట్టి మీద పడుకుంటుంది. మేత ఎక్కువగా రాత్రిపూటే. దీని ఒంటి వేడి చలికాలంలో రోజుకు ఒకటిన్నర డిగ్రీ మారితే, ఎండాకాలంలో సగటున నాలుగు డిగ్రీలు మారుతుందని ఇక్కడి పరిశోధకులు కొలిచారు.

ఎండను గెలిచిన ఈ జంతువు తుపాకిని గెలవలేకపోయింది. జీపుల్లో వెంటాడి వేటాడటంతో 1972 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. అంతకుముందే కొన్నిటిని 1963 నుంచి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చి పెంచడంతో జాతి నిలిచింది. సౌదీలో 1986లో తాయిఫ్‌లో వన్యప్రాణి పరిశోధన కేంద్రం పెట్టారు. 1990లో కంచె వేసిన మహజత్ అస్‌సయ్‌ద్‌లో, 1995లో రబ్ అల్ ఖాలీ అంచున ఉన్న ఉరూక్ బనీ మఆరిద్‌లో ఓరిక్స్‌లను మళ్లీ వదిలారు. ఈ ఉరూక్ బనీ మఆరిద్‌కు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

గుండెను చిన్నది చేసుకునే జింక

ఇక్కడి ఇసుక జింకను 'రీమ్' అంటారు. నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ జింకలకు నాలుగు నెలలు మేత, నీళ్లు తగ్గించి ఇచ్చారు. వాటి కాలేయం దాదాపు 45 శాతం, గుండె దాదాపు 20 శాతం బరువు తగ్గాయి. ఈ అవయవాలకు ప్రాణవాయువు బాగా ఖర్చవుతుంది. అవి చిన్నవైతే తక్కువ గాలి పీల్చుకుంటే చాలు. తక్కువ పీలిస్తే ఊపిరితో పోయే తేమ కూడా తగ్గుతుంది. ఆదాయం తగ్గినప్పుడు ఇంటి ఖర్చు తగ్గించుకున్నట్టు, ఈ జింక ఒంటి ఖర్చు తగ్గించుకుంటుంది.

ఉడుములా ఉండే ఆకుతిండి దబ్

ఎడారిలో ఉడుములా కనిపించే జీవిని చాలామంది చూసే ఉంటారు. అది 'దబ్'. మన ఉడుము మాంసాహారి, దబ్ మాత్రం ముఖ్యంగా ఆకులూ గింజలూ తింటుంది. తోక నిండా ముళ్లు. పొద్దున చలికి ఒళ్లు నల్లగా చేసుకుని ఎండను పీల్చుకుంటుంది, వేడెక్కాక లేత రంగుకు మారుతుంది. ఎడారి మొక్కల్లో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పును మూత్రంతో పంపాలంటే నీళ్లు ఖర్చవుతాయి కాబట్టి, ముక్కు దగ్గరి గ్రంథుల నుంచి బయటికి పంపుతుంది. ముక్కు చుట్టూ తెల్లగా కనిపించే పొడి అదే. ఎండ మరీ ముదిరితే బొరియలోకి దూరి పడుకుంటుంది.

మరి మనిషి?

పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా మిట్టమధ్యాహ్నం ఎండలో కష్టపడటం లేదు. ఒంటె కూర్చుంది, ఓరిక్స్ నీడలో పడుకుంది, దబ్ బొరియలో దూరింది. మన భాషలో చెప్పాలంటే అన్నీ ఒళ్లు దాచుకుంటున్నాయి. ఎడారిలో బతికే తెలివి అదే.

మన ఒంటికి తెలిసిన ఉపాయం ఒక్కటే: చెమట. అది గొప్పదే, కానీ ఖరీదైనది. ఎండలో పనిచేసే మనిషికి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. వేడిని దాచుకునే వీలు మనకు లేదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

"కొన్నాళ్లు తక్కువ నీళ్లు తాగితే ఒళ్లే అలవాటు పడుతుంది" అని మనవాళ్లలో ఒక మాట ఉంది. అది నిజం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా శాస్త్రవేత్త ఇ.ఎఫ్. అడాల్ఫ్ బృందం ఎడారిలో సైనికుల మీద దీన్ని పరీక్షించింది. నీటి అవసరాన్ని సాధనతో తగ్గించలేమని తేలింది. ఎండకు మనిషి ఒకటి రెండు వారాల్లో అలవాటు పడే మాట నిజమే. కానీ అలవాటు పడ్డ ఒళ్లు ఇంకా ముందుగా, ఇంకా ఎక్కువగా చెమట పోస్తుంది. అంటే పాత కాపుకు కొత్తవాడికన్నా నీళ్లు ఎక్కువే కావాలి.

అందుకే సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ప్రైవేటు సంస్థలు నేరుగా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. నగరంలోని సైట్లలో గంట చూసి పని ఆపుతారు. ఊరికి దూరంగా మజ్రాలో, మంద వెంట ఒంటరిగా ఉన్న మనిషికి గంట గుర్తుచేసేవారు ఉండరు. ఆ గంట ఇంటివాళ్లే గుర్తుచేయాలి.

ఎండ పనిలో ఉన్న మనవాళ్లకు చెప్పాల్సినవి ఇవి. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి చిటికెడు ఉప్పు వేసిన లబన్ మంచిది, అది మన మజ్జిగే. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని గుర్తు. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపుతాయి. అవి వాడేవాళ్లు ఎండాకాలానికి ముందే డాక్టర్‌ను అడగాలి.

తల తిరగడం, వాంతి, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం వడదెబ్బకు గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. అంబులెన్స్‌కు 997 చేయాలి. ఆ సూడాన్ మిత్రుడు పుస్తకం చదవకుండానే చేసింది సరిగ్గా ఇదే.

గత జూలైలో ఒక మధ్యాహ్నం జగిత్యాల అన్నకు ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు. గొంతులో నిద్రమత్తు. "ఒంటెలు కూసున్నయి సార్. నేను గూడ ట్యాంకర్ నీడల పండుకున్న. మూడు దాటినంక లేస్త," అన్నాడు. నిద్ర చెడగొట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి పెట్టేశాను.

మీ అన్నో, బావో, ఊరి మనిషో ఇక్కడ ఎండలో పనిచేస్తుంటే, ఈసారి ఫోన్‌లో డబ్బు పంపిన సంగతి అడిగే ముందు ఒక్క మాట అడగండి: "మధ్యాహ్నం ఎక్కడ ఉంటున్నావు? నీళ్లు దగ్గరున్నాయా?" నీడలో పడుకున్నానంటే సంతోషించండి. అది బద్ధకం కాదు, క్షేమంగా ఇల్లు చేరే దారి.